చెత్తబుట్టలో లారీ

"నాలుగింటికి వీణ్ని కోర్టులో పెట్టాలి," అన్నాడు సి.ఐ. గిరిబాబు, బేడీలతో ఉన్న నవీన్‌ని ఆఫీసులోకి నెడుతూ. "ఎస్పీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది కాబట్టి ఒక గంట ఇస్తన్నాను మేడమ్. ఆ గంటలో మీ గారడీ ఏదో సేసుకోండి."

డిటెక్టివ్ ఝాన్సీ కుర్రాడి దగ్గరికి వచ్చింది. ఆమె చూపు నవీన్ చేతుల మీద ఉంది. బేడీ ఒరుసుకున్న చోట చర్మం కందిపోయింది. కుర్రాడు రెండు రోజులుగా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

కేసు చూడ్డానికి చిన్నదే. మంగళవారం తెల్లవారుజామున పలాసలో జీడిపప్పు ఎక్కించుకున్న లారీ సాలూరు మీదుగా రాయపూర్ వెళ్ళాలి. సాలూరు చేరలేదు. డ్రైవరు నరసింగరావు ఫోను మూగబోయింది. లారీలో అమర్చిన పరికరం అది ఎక్కడుందో నిమిషానికోసారి చెబుతూ ఉంటుంది. ఆ కబుర్లన్నీ వచ్చి పడేది విజయనగరంలోని ఈ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్లోనే. మంగళవారం మధ్యాహ్నం సరిగ్గా ఆ ఒక్క లారీ రికార్డునే ఎవరో చెరిపేశారు. చెరిపిన లాగిన్ నవీన్‌ది. నవీన్ నరసింగరావుకి స్వయానా మేనల్లుడు.

మామా అల్లుళ్ళు కలిసి సరుకు మింగేశారని గిరిబాబు తేల్చేశాడు. అతని మనుషులు సాలూరు దాటి ఒడిశా ఘాటు రోడ్డులో లారీ కోసం వెతుకుతున్నారు.

ఝాన్సీని ఈ కేసులోకి దింపింది నరసింగరావు భార్య లక్ష్మీనరసమ్మ. ఇప్పుడామె బయట మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కుతో. అందులో ఉన్నది ఇన్సులిన్. మొగుడికి రెండు పూటలా సూది పడాలి. సాలూరు వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఆగి కొత్త సీసా తీసుకుని వెళ్తానన్నాడు. ఇవాళ గురువారం. "దొంగోడని రాసుకోమనమ్మా, నాకేటి," అంది ఆమె ఉదయం ఝాన్సీ చెయ్యి పట్టుకుని. "బతికున్నోడిని తెచ్చి అప్పుడు రాసుకోమను."

ఆఫీసులో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు శ్రీనాథ్. ఈ కంపెనీ పెట్టినవాడూ, దీని పెద్ద ఇంజినీరూ అతనే. నలభై ఏళ్ళుంటాయి. వీణ నేర్పే ఇంట పుట్టినవాడు, మాట కూడా శ్రుతి చేసినట్టు ఉంటుంది. రెండోది సంహిత, నవీన్ కంటే ముందు చేరిన ఉద్యోగిని. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి నవీన్ వైపు చూడలేక నేల చూస్తోంది.

ఝాన్సీ శ్రీనాథ్‌తోనే మొదలుపెట్టింది. లారీని ఆఖరిసారి తెర మీద ఎక్కడ చూశారని అడిగింది.

"రామభద్రపురం దగ్గర. పదకొండు ప్రాంతంలో. సాలూరు వైపే వెళ్తోంది."

"మీరొక్కరే చూశారా?"

"నేనొక్కణ్ణే. ఆ తర్వాత నవీన్ చెరిపేశాడు కదా, ఇంకెవరు చూస్తారు?"

చెరిపిన సమయానికి మీరెక్కడ అంటే, ఇంట్లో భోజనం చేస్తున్నానన్నాడు. సంహిత కూడా ఇంటికే వెళ్ళానంది. బైకు పంచరైతే వేయించుకోడానికి వెళ్ళానని నవీన్ చెప్పిందాన్ని గిరిబాబు స్టేషన్లోనే నవ్వి పారేశాడు.

"బండికి పంచరు, బుర్రకి పంచరు," అన్నాడు ఇప్పుడు కూడా. "కంప్యూటరు లాక్ సెయ్యకుండా ఎల్లిపోనాడట. ఎవడో వచ్చి వీడి పేరుతో సెరిపీసినాడట. మా ఊళ్ళో పిల్లలు కూడా ఇంతకన్నా మంచి కథ సెప్తారు."

"మీ ఊరి పిల్లల్ని తర్వాత పిలుద్దాం సార్," అంది ఝాన్సీ. "ఆ సీలు తియ్యండి."

నవీన్ కంప్యూటరు మీద పోలీసులు అంటించిన కాగితాన్ని గిరిబాబు అయిష్టంగా చించాడు. రేపు విశాఖపట్నం నుంచి నిపుణుడు వచ్చేదాకా ముట్టుకోనివ్వకూడదనుకున్నాడు. ఈ రెండు రోజులూ అతని దగ్గరున్న సాక్ష్యం ఒక్క ఫోటో. శ్రీనాథ్ తెర మీద చూపించగా తీసుకున్నది. ఆ ఫోటోని అతను ఎవరికీ చూపించలేదు, నవీన్‌కి కూడా.

ఝాన్సీ కుర్చీ లాక్కుని కూర్చుంది. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఆరేళ్ళు విశాఖలో సాఫ్ట్‌వేర్ పనే చేసింది. నల్ల తెర తెరుచుకుంది. బొమ్మల మీద నొక్కకుండా, మాటలు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే తెర అది. అక్కడ కొట్టిన ప్రతి కమాండునీ అది వరసగా గుర్తుపెట్టుకుంటుంది. పని చేసిన దాన్నీ, చెయ్యని దాన్నీ కూడా.

మంగళవారం మధ్యాహ్నం వరసలో మూడే మూడు లైన్లు ఉన్నాయి. గిరిబాబు ఫోటో తీసింది మూడో లైనునే. ఝాన్సీకి మొదటి లైను దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

రెండక్షరాలు. జీజీ. అంతే.

అలాంటి కమాండు ఏదీ లేదు. కంప్యూటరు దాన్ని తెలియదని తిప్పికొట్టి ఉంటుంది. ఆ వెంటనే రెండో లైన్లో లారీల ఫోల్డరు అడ్రసు మొత్తం పొడుగ్గా కొట్టి లోపలికి వెళ్ళారు. మూడో లైన్లో చెరిపారు.

"సంహితా, లారీల ఫోల్డర్లోకి నువ్వెలా వెళ్తావు?" అని అడిగింది ఝాన్సీ, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

"అడ్రసు మొత్తం కొడతాను మేడమ్. శ్రీకారంలో అలాగే ఉంది."

శ్రీకారం అంటే ఏమిటని గిరిబాబు విసుక్కున్నాడు. సంహిత చెప్పింది. కొత్తగా చేరినవాళ్ళు తమ కంప్యూటర్ని ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏ కమాండు ఎలా వాడాలో రాసిన పాఠం అది. ఎవరూ కాపీ కొట్టి అంటించకూడదు. ముందు చేరినవాళ్ళు పక్కన కూర్చుని పైకి చదివితే, కొత్తవాళ్ళు లైను లైనూ చేత్తో కొట్టాలి. పాఠం అయ్యాక కొత్తవాళ్ళు తమ వంతుగా ఒక చిట్కా చివర చేర్చాలి. శ్రీనాథ్ తన ఇంటి సంగీత పాఠం పద్ధతినే ఆఫీసుకి తెచ్చాడు. మొదటి శిష్యుడికి తను చెప్పాడు, ఆ శిష్యుడు తర్వాతివాడికి చెప్పాడు. సంహితకి పాఠం చెప్పినవాళ్ళు ఉద్యోగాలు మారి వెళ్ళిపోయారు. నవీన్‌కి సంహిత చెప్పింది.

"శ్రీనాథ్ గారూ, మీ సీటు దగ్గర ఒకసారి కూర్చుంటారా? లారీల ఫోల్డరు ఎక్కడుందో సి.ఐ. గారికి చూపించండి."

"తప్పకుండా." శ్రీనాథ్ కూర్చున్నాడు. చూపుడువేలు ఒకే మీట మీద రెండుసార్లు పడింది. టక్కున ఫోల్డరు తెరుచుకుంది.

అతను అక్కడే ఆగిపోయాడు. తెర మీద జీజీ అన్న రెండక్షరాలు మెరుస్తున్నాయి.

"ఇది మీ సొంత షార్ట్‌కట్," అంది ఝాన్సీ నెమ్మదిగా. "శ్రీకారంలో లేదు. ఎవరికీ నేర్పలేదు. మీ లాగిన్లో తప్ప ఎక్కడా పని చెయ్యదు. చేతికి అలవాటైపోయింది కాబట్టి, మంగళవారం నవీన్ సీట్లో కూర్చున్నప్పుడు కూడా మీ వేలు ముందు దాన్నే కొట్టింది."

గిరిబాబు పకపకా నవ్వాడు.

"రెండక్షరాలు మేడమ్. రెండే రెండక్షరాలు. కీబోర్డు మీద ఈగ వాలినా పడతాయి. ఇది పట్టుకుని నాను జడ్జిగారి ముందుకెళ్తే నన్ను బయటికి పంపించీసి తలుపేస్తారు."

"ఈగ వాలిందో వేలు వాలిందో తేలేదాకా ఈయన్ని కదలనివ్వకండి. ఫోన్ కూడా తీసుకోండి."

శ్రీనాథ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. తనమీద ఆరోపణ చేస్తున్నారు కాబట్టి లాయరుతో మాట్లాడాలన్నాడు. గొంతు ఎక్కడా తొణకలేదు. ఝాన్సీ అడ్డుపడింది. ఆ ఒక్క ఫోనూ చెయ్యనివ్వొద్దని, కావాలంటే తన ఫోన్లో స్పీకరు పెట్టి మాట్లాడించమని గిరిబాబుకి చెప్పింది. చెప్పాల్సిన పద్ధతిలో చెప్పలేదేమో. ఒక ఆడమనిషి నలుగురి ముందు తనకి పని నేర్పుతోందని గిరిబాబు మెడ బిగుసుకుంది.

"ముద్దాయి ఎవరో నాను నిర్ణయిస్తాను," అన్నాడు. "ఎల్లండి శ్రీనాథ్ గారూ. వరండాలో మాటాడుకోండి."

శ్రీనాథ్ అద్దాల తలుపవతల నిలబడి మాట్లాడాడు. అరనిమిషం కూడా పట్టలేదు. లోపలికి తిరిగొచ్చినప్పుడు అతని మొహంలో వెళ్ళేటప్పుడు ఉన్న బిగువు లేదు. ఝాన్సీకి అది నచ్చలేదు.

గడియారం మూడు దాటింది. ఆమె మళ్ళీ నవీన్ తెర దగ్గరికి వచ్చింది. ఇప్పటిదాకా తను కూడా మూడో లైనుని గిరిబాబు చూసినట్టే చూసింది. ఈసారి పైకి చదివింది.

"ఆర్‌ఎం. పక్కన లారీ నంబరు."

కంప్యూటర్లో ఏదైనా శాశ్వతంగా తుడిచెయ్యడానికి వాడే మామూలు కమాండు అది. ఈ పని చేసేవాళ్ళలో తెలియనివాళ్ళు ఉండరు. కానీ ఆ మాట వినగానే గది అవతల నవీన్ తలెత్తాడు. అదే క్షణంలో సంహిత కూడా నేల మీంచి చూపు ఎత్తింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"ఏంటది?" అంది ఝాన్సీ. "ఇద్దరిలో ఎవరు చెబుతారు?"

సంహిత గోడ వదిలి ముందుకి వచ్చింది. "మేడమ్, ఆ కమాండు నవీన్ లాగిన్లో చెరపదు."

చేరిన మొదటి వారంలోనే సంహిత ఆర్‌ఎం కొట్టి ఒక రోజు పనంతా పోగొట్టుకుందట. బాత్రూములోకెళ్ళి ఏడ్చిందట. అందుకే తన వంతు చిట్కాగా శ్రీకారం చివర ఒక జాగ్రత్త చేర్చింది. అది పెట్టుకుంటే ఆర్‌ఎం కొట్టినా ఫైలు పోదు. చెత్తబుట్ట అన్న పేరుతో దాక్కుని ఉండే ఒక ఫోల్డర్లోకి జరుగుతుంది, అంతే. ఆమె తర్వాత ఆ పాఠం నేర్చుకున్నది నవీన్ ఒక్కడే.

"అంటే ఈ ఆఫీసులో ఆర్‌ఎం కొడితే ఫైలు పోదని తెలిసినవాళ్ళు మీరిద్దరే," అంది ఝాన్సీ. "నవీన్ నిజంగా చెరపాలనుకుంటే ఆ కమాండు వాడడు."

"నన్ను అడగలేదక్కా," అన్నాడు నవీన్. ఈ గదిలోకి వచ్చాక అతను మాట్లాడిన మొదటి మాట అదే. "నువ్వే సెరిపినావని కొట్టినారు గాని, ఏటి కొట్టి సెరిపినావని ఎవలూ అడగలేదు."

గిరిబాబు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఝాన్సీ శ్రీనాథ్ వైపు తిరగలేదు. తిరగాల్సిన పని లేకపోయింది. శిష్యులు చేర్చిన చిట్కాలు గురువు ఏనాడూ చదవలేదని ఆ మూడో లైనే చెబుతోంది.

నవీన్ చెబుతుంటే ఆమె టైపు చేసింది. చెత్తబుట్ట తెరుచుకుంది. అడుగున లారీ నంబరు పేరుతో ఫైలు చెక్కుచెదరకుండా ఉంది.

లైను వెనక లైను. టైము, ఉన్న చోటు, వేగం, ఇంజిన్ నడుస్తోందా ఆగిందా. తెల్లవారుజామున పలాస. టెక్కలి. కోటబొమ్మాళి. ఏడున్నర అయ్యేసరికి నరసన్నపేట. అక్కడ హైవే దిగింది. కొద్ది దూరం పక్కకెళ్ళి ఆగింది. ఇంజిన్ ఆగింది. దాంతో ఫైలు అయిపోయింది.

గిరిబాబు ఆ అంకెల్ని తన ఫోనులోని మ్యాపులో కొట్టి చూశాడు. మూతపడ్డ రైసు మిల్లు ఒకటి కనిపించింది.

"రామభద్రపురం రానే లేదు," అన్నాడు అతను పొడిగా. అతని మనుషులు రెండు రోజులుగా ఉన్నది దానికి పూర్తిగా ఎదురు దిక్కున, కొండల్లో. వెనక్కి తిరిగి శ్రీనాథ్ చేతిలోని ఫోను లాక్కున్నాడు. "మరెందుకు సెప్పినావురా సాలూరు వైపని?"

జవాబు కోసం ఆగకుండా గిరిబాబు నరసన్నపేట స్టేషనుకి ఫోను చేసి మిల్లు చుట్టుముట్టమన్నాడు. ఫోను పెట్టేశాక, ఎవరూ అడగకుండానే నవీన్ చేతులకున్న బేడీ తీశాడు. అనాల్సింది చాలా ఉందని అతనికీ తెలుసు.

పరికరాన్ని పీకి పారెయ్యకుండా ఎందుకు ఉంచారని సంహితని అడిగింది ఝాన్సీ. పీకితే ఓనరు ఫోనుకి వెంటనే అలారం పోతుందట. ఇంజిన్ ఆపి ఉంచితే మాత్రం పరికరం నిద్రపోతుంది, కబురు పంపదు. అది తెలిసినవాడే ఏర్పాటు చేశాడు.

"అక్కా." నవీన్ వేలు పెట్టి చూపించాడు. "తెర సూడు."

లారీల ఫోల్డర్లో ఇప్పటిదాకా లేని ఫైలు ఒకటి పుట్టింది. అదే లారీ నంబరు. అందులో ఒక లైను. ఇంజిన్ నడుస్తోంది. వాళ్ళు చూస్తుండగానే రెండో లైను వచ్చింది. లారీ హైవే ఎక్కింది. శ్రీకాకుళం వైపు వస్తోంది.

గిరిబాబు బూతు మింగుకుని మళ్ళీ ఫోను అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే బయట మెట్ల మీద ఫోను మోగింది. మరుక్షణం లక్ష్మీనరసమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఫ్లాస్కు ఒక చేతిలో, చెవికి ఆన్చిన ఫోను ఇంకో చేతిలో. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, మొహం నవ్వుతోంది.

"వదిలీసినారటమ్మా," అంది. "ఫోను కూడా తిరిగిచ్చీసినారట. ఎవలో వచ్చి తాళం సేతిలో ఎట్టి, నీకూ మాకూ సంబంధం లేదు, ఇంటికెల్లిపో అన్నారట. బండి తీసినాడట. ఒసే, ఆకలేస్తన్నాదే, అన్నం వండు అంటన్నాడు."

నవీన్ అత్త భుజం మీద తల వాల్చేసి ఏడ్చాడు. సంహిత కళ్ళు తుడుచుకుంది. గిరిబాబు కుర్చీలో కూలబడి, ఇక మిల్లు దగ్గర దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకోవడమే మిగిలిందన్నాడు.

ఝాన్సీ ఒక్కతే నవ్వలేదు. రెండు రోజులు కట్టి పడేసినవాళ్ళు. మొహాలు చూపించినవాళ్ళు. కోట్ల సరుకు దింపుకున్నవాళ్ళు. సాక్షి చేతికి తాళమిచ్చి, ఫోను కూడా తిరిగిచ్చి ఎందుకు పంపుతారు? శ్రీనాథ్ వరండాలో మాట్లాడి ఇంకా అరగంట కాలేదు. ఆమె అతని వైపు చూసింది. అందరూ లక్ష్మీనరసమ్మని చూస్తుంటే, అతను మాత్రం గోడ గడియారం చూస్తున్నాడు.

"అమ్మా, బయల్దేరే ముందు ఏమైనా తినిపించారా, తాగించారా, అడుగు," అంది.

లక్ష్మీనరసమ్మ అడిగింది. విన్నది. "టీ ఇచ్చినారటమ్మా. రెండు గ్లాసులు. పాపం, బాగా తియ్యగా ఉన్నాదట."

ఝాన్సీ శ్రీనాథ్ చొక్కా పట్టుకుంది. "టీలో ఏం కలిపారు?"

"నేను బండి వదిలించుకోమన్నాను. అంతే." శ్రుతి చేసినట్టుండే గొంతు మొదటిసారి బీటలు వారింది. "ప్రమాదంలా కనబడితేనే ఎవరూ మన దాకా రారన్నారు. దొంగతనం చేసి పారిపోతూ గుద్దేశాడని... డ్రైవరు సీట్లో డ్రైవరే ఉండాలి కదా అన్నారు."

"ఏం కలిపారు?"

"నిద్రమాత్రలు. పావుగంట పడుతుందన్నారు."

సూది పడక అప్పటికే కళ్ళు మసకబారి ఉన్న మనిషి. చేతిలో పది చక్రాల బండి. ముందు మడపం దగ్గర వంశధార వంతెన. ఝాన్సీ లక్ష్మీనరసమ్మ చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నరసింగరావు గారూ, ఇంటికి రావద్దు. బండి పక్కకి తియ్యండి. ఇప్పుడే. వినబడుతోందా?"

అవతల ఇంజిన్ హోరు. దాని వెనక ఎక్కడో, ఎదురొచ్చే బండి ఒకటి ఆగకుండా హారను కొడుతోంది.

"మావయ్యా," అని అరిచాడు నవీన్.

జవాబు రాలేదు. తెర మీద కొత్త లైను పడింది. లారీ వంతెన దగ్గరికి వచ్చేసింది. ముందు లైన్లో నలభై ఉన్న వేగం, ఈ లైన్లో డెబ్భై దాటింది.